ఆదివారం ఆదివారం చేపల ట్యాంక్ కడగడం ఆపెయ్ తమ్ముడూ, మిగతాది మొక్కలు చూసుకుంటాయి

మియాపూర్ నుంచి ఒక తమ్ముడు రాశాడు, ఉత్తరం పెద్దది కాబట్టి ముఖ్యమైన ముక్కలు మాత్రం ఇక్కడ పెడుతున్నాను.

"అన్నా, ఐదు నెలల కింద మూడడుగుల ట్యాంక్ తెచ్చాను, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు. కింద తెల్ల మార్బుల్ చిప్స్ వేశాం, వెనకాల నిలబెట్టడానికి ఇంటి పనిలో మిగిలిన కడప బండ ముక్కలు పెట్టాను. బోరు నీళ్ళు, టీడీఎస్ (నీళ్ళల్లో కరిగిన ఉప్పుల లెక్క) 950, పీహెచ్ (ఆమ్లం, క్షారం కొలత) 8.2. మొక్కలకి వెలుతురు కావాలని ఎల్ఈడీ పొద్దున్నుంచి రాత్రి దాకా 12 గంటలు వేస్తున్నా. ప్రతి ఆదివారం నీళ్ళన్నీ తోడేసి గ్రావెల్, ఫిల్టర్ స్పాంజ్ కుళాయి కింద కడుగుతున్నా, ఒక్క వారం కూడా మానలేదు, అయినా మంగళవారానికల్లా నీళ్ళు పాలలాగా అయిపోతాయి. పది నియాన్ చేపలు పోయాయి, మళ్ళీ ఎనిమిది తెస్తే అవీ పోయాయి, నాలుగు గప్పీలు ఒక సక్కర్ మిగిలాయి. ఎర్ర మొక్క కుళ్ళిపోయింది, క్రిప్ట్ అంటారే అది జిగురులా కరిగిపోయింది, స్వోర్డ్ మొక్క ఆకులకి చిల్లులు, అంతటా వెంట్రుకల్లాంటి నాచు, ఆకుల అంచుల్లో నల్ల గడ్డం లాంటి నాచు. షాపాయన సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) సిలిండర్ సెట్ కొనమంటున్నాడు, పది వేల పైనే. మా పాప రెండో తరగతి, పోయిన ప్రతి చేపకీ పేరు పెట్టుకుంది. కొనాలా, లేక ట్యాంక్ అమ్మేయాలా?"

తమ్ముడూ, సిలిండర్ ఇప్పుడు కొనకు, ట్యాంక్ అమ్మకు.

నీ ఉత్తరంలో నాకు బాధేసిన మాట ఆ "ఒక్క వారం కూడా మానలేదు" అన్నది, అంత శ్రద్ధగా చూసుకుంటున్నావు, ఆ శ్రద్ధే చేపల ప్రాణం మీదకొస్తోంది. చేప ఊపిరి పీల్చేటప్పుడు మొప్పల్లోంచి అమ్మోనియా వదుల్తుంది, తినకుండా మిగిలిన మేత, కుళ్ళిన ఆకు కూడా అమ్మోనియానే ఇస్తాయి. ఫిల్టర్ స్పాంజ్ లోపలా గ్రావెల్ మీదా కాపురం పెట్టే బ్యాక్టీరియా ఆ అమ్మోనియాని నైట్రైట్ చేస్తే, ఇంకో రకం దాన్ని నైట్రేట్ చేస్తుంది, మొదటి రెండూ చేపకి విషం, మూడోది మొక్కకి తిండి. ఈ బ్యాక్టీరియా కొత్త ట్యాంక్‌లో నిలదొక్కుకోడానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. నువ్వేమో ఏడు రోజులకోసారి స్పాంజ్ పిండేసి గ్రావెల్ రుద్దేసి మొత్తం ఊడ్చేస్తున్నావు, అంటే ప్రతి సోమవారం నీ ట్యాంక్ వయసు ఒక్క రోజే. మంగళవారం నీళ్ళు పాలలా అవుతున్నాయన్నావే, అది మురికి కాదు, ఖాళీ అయిన చోట బ్యాక్టీరియా ఒక్కసారిగా నీళ్ళల్లో పెరగడం, దాన్ని చూసి భయపడి మళ్ళీ కడుగుతున్నావు. పైగా పీహెచ్ 8 దాటితే అదే అమ్మోనియా ఇంకా ఎక్కువ విషం, నీళ్ళు వేడెక్కినకొద్దీ ఇంకా, కాబట్టి నియాన్లు ఎందుకు పోయాయో వేరే చెప్పక్కర్లేదు.

మాది భీమవరం వైపు, మా మావయ్య వాళ్ళకి రొయ్యల చెరువులు, చిన్నప్పట్నుంచీ గట్టు మీద తిరిగినవాణ్ణి. అక్కడ పంట మధ్యలో చెరువు తోడేసి కడిగే మనిషిని నేను చూళ్ళేదు. నీళ్ళ రంగు చూస్తారు, పొద్దున్నే ఆక్సిజన్ చూస్తారు, అమ్మోనియా, పీహెచ్ టెస్ట్ చేయిస్తారు, తేడా వస్తే కొంత నీళ్ళు మారుస్తారు. అక్వేరియం పెట్టాక ఆ చెరువు గట్టు తెలివే నాకు ఎక్కువ పనికొచ్చింది. ఆ రొయ్యల రైతులు వాడే అమ్మోనియా, నైట్రైట్ టెస్ట్ కిట్లే మనకీ సరిపోతాయి, మందుల సీసాల మీద పెట్టే డబ్బు ముందు వాటి మీద పెట్టు.

ఇకనుంచి వారానికోసారి మూడో వంతు కన్నా కొంచెం తక్కువ నీళ్ళు మాత్రమే మార్చు. నీ ట్యాంక్ నిండా పోస్తే 127 లీటర్లు, మట్టీ రాళ్ళూ పోను 110 దాకా ఉంటాయనుకో, అందులో 30, 35 లీటర్లు తీస్తే చాలు. స్పాంజ్ నెలకోసారి, అది కూడా ట్యాంక్‌లోంచి తీసిన ఆ నీళ్ళ బకెట్‌లోనే రెండుసార్లు నొక్కి వదిలెయ్, కుళాయి కింద పెట్టకు, గోధుమ రంగు పోయేదాకా పిండకు, ఆ గోధుమ రంగే నీకు కావాల్సింది.

ఇప్పుడు లైట్ సంగతి, ఇక్కడ కొంచెం ఎక్కువ చెప్పాలి. మొక్కకి వెలుతురు కావాలనేది నిజమే, కానీ వెలుతురు అనేది మొక్కని పని చెయ్యమని తరిమే కొరడా లాంటిది, ఎంత వెలుతురు ఇస్తే అంత తిండి అడుగుతుంది. తిండి అంటే నైట్రేట్, పొటాష్, ఐరన్, అన్నిటికన్నా ముందు నీళ్ళల్లో కరిగిన కార్బన్ డయాక్సైడ్. పొలంలో ఎండకి లోటు లేదు, ఎరువు వెయ్యకపోతే పంట ఎర్రబడి నిలబడిపోతుంది, కలుపు మాత్రం ఎగబడుతుంది కదా, నీ ట్యాంక్‌లో జరిగేది అదే, ఆ కలుపే నాచు. నాచుకి వేరు అక్కర్లేదు, కొద్దిపాటి తిండితో బతుకుతుంది, మొక్క నీరసపడితే దాని ఆకు మీదే ఎక్కి కూర్చుంటుంది. షాపాయన సిలిండర్ పెట్టమనడం తప్పని అనను, ఆ 12 గంటల లైట్‌కి సరిపడా సీఓటూ ఇవ్వాలంటే సిలిండరే కావాలి. కానీ దానికన్నా లైట్ తగ్గించడం చవక. ఒక మెకానికల్ టైమర్ తెచ్చి 6 గంటలకి పెట్టెయ్, సాయంత్రం 4 నుంచి 10 దాకా అయితే నువ్వూ పాపా ఇంట్లో ఉన్న టైంలో వెలుగుతుంది, మిగతా టైంలో చీకటిగా ఉన్నా మొక్కలకి ఏమీ కాదు. చెయ్యి పెట్టి ఆన్ ఆఫ్ చేసే పద్ధతి వద్దు, ఒకరోజు 5 గంటలు ఒకరోజు 11 గంటలు అయిపోతుంది. కిటికీ ఎండ నేరుగా గ్లాస్ మీద పడుతుంటే కర్టెన్ వెయ్.

తర్వాత నీళ్ళు. తెల్ల మార్బుల్ చిప్స్ అంటే సున్నం, కడప బండ కూడా సున్నపురాయే, తాండూరు బండా అంతే. నమ్మకం లేకపోతే ఒక ముక్క ఆరబెట్టి దాని మీద వెనిగర్ నాలుగు చుక్కలు వేసి చెవి దగ్గర పెట్టుకో, సన్నగా సుయ్ మంటుంది, బుడగలొస్తాయి. అసలే గీజర్‌లో పొలుసు కట్టే బోరు నీళ్ళు, అందులో ఇవి రోజూ కరుగుతుంటే నీళ్ళు ఇంకా గట్టి నీళ్ళు (సున్నం ఎక్కువున్న నీళ్ళు) అవుతాయి, పీహెచ్ కిందికి రాదు, ఐరన్ ఉన్నా మొక్కకి అందదు. ఆ రెండూ తీసెయ్. బదులు గ్రానైట్ ముక్కలు పెట్టు, హైదరాబాద్‌లో ఉండి గ్రానైట్‌కి వెతుక్కోవాలా, అదే వెనిగర్ పరీక్షలో ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటుంది.

నీళ్ళు మార్చేటప్పుడు పూర్తి బోరు నీళ్ళు కాకుండా వాటర్ ప్లాంట్‌లో దొరికే 20 లీటర్ల క్యాన్ ఒకటి, దానికి ఒక బకెట్ బోరు నీళ్ళు కలిపి పొయ్యి, ఒకేసారి కాకుండా నెలా నెలన్నరలో టీడీఎస్ మెల్లగా 500 దాకా దిగుతుంది, మనం పెట్టబోయే మొక్కలకీ చేపలకీ అది చాలు. మీకు మంజీరా కుళాయి నీళ్ళు వచ్చే రోజుంటే అవి ఇంకా మంచివి, కాకపోతే క్లోరిన్ ఉంటుంది, షాపుల్లో యాంటీ క్లోరిన్ అని అమ్ముతారు, అది వేసి పొయ్యి. ఎండాకాలంలో ఆవిరై తగ్గిన నీళ్ళ బదులు మాత్రం క్యాన్ నీళ్ళే పొయ్యాలి, ఎందుకంటే ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పంతా ట్యాంక్‌లోనే ఉండిపోతుంది, దాని మీద మళ్ళీ బోరు నీళ్ళు పోస్తే టీడీఎస్ నెలనెలా ఎక్కుతూనే ఉంటుంది.

మార్బుల్ ఎలాగూ తీస్తున్నావు కాబట్టి కింద మట్టి వేసుకుందాం. ఖరీదైన ఆక్వా సాయిల్ అక్కర్లేదు. పేడ, వర్మీకంపోస్ట్, యూరియా ఏమీ కలవని ఎర్రమట్టి జల్లించి తీసుకో, నీ ట్యాంక్ అడుక్కి అంగుళం మందం రావాలంటే ఏడెనిమిది లీటర్లు, అంటే సగం బకెట్. దాన్ని వారం పాటు నీళ్ళల్లో నానబెట్టి రెండు మూడుసార్లు పైన తేరిన నీళ్ళు ఒంపేసి, అడుగున పరిచి, దాని మీద రెండంగుళాల ఇసుక. ఇసుక కూడా ప్లాస్టరింగ్‌కి జల్లించాక జల్లెడ మీద మిగిలే గరుకు ఇసుక, రెండు మూడు మిల్లీమీటర్లది, అందులో గుల్లలుంటే ఏరెయ్యాలి, గుల్లలంటే మళ్ళీ సున్నమే. మెత్తటి ఇసుక మందంగా వేస్తే లోపల గాలాడక కుళ్ళిన కోడిగుడ్డు వాసనొచ్చే గ్యాస్ కడుతుంది, అందుకే గరుకు అంటున్నా. నీళ్ళు పోసేటప్పుడు ఇసుక మీద ఒక పళ్ళెం పెట్టి దాని మీద సన్నగా పొయ్యి, లేకపోతే మట్టి పైకి లేచిపోతుంది. ఈ పని జరుగుతున్నంతసేపూ ఫిల్టర్‌ని గప్పీలూ సక్కర్ ఉన్న టబ్‌లో నడుపుతూ ఉంచు, ఆపకు. సెట్ అయ్యాక మొదటి మూడు నాలుగు వారాలు మట్టిలోంచే అమ్మోనియా రావొచ్చు, ఆ నాలుగు గప్పీల్ని అప్పటిదాకా టబ్‌లోనే ఉండనీ, వాటి కోసం పాత పద్ధతిలో చిన్న స్పాంజ్ ఫిల్టర్ ఒకటి పెట్టెయ్, పెద్ద ఫిల్టర్ ట్యాంక్‌కి మారిపోయాక అదే వాటికి దిక్కు. దాంట్లో బ్యాక్టీరియా కుదురుకునేదాకా టబ్‌లో రోజు విడిచి రోజు కొంచెం నీళ్ళు మారుస్తూ, మేత చిటికెడే వెయ్.

నీ క్రిప్ట్ కరిగిపోయిందన్నావే, తీసి పారేశావా? పారెయ్యకపోతే ఇంకా బతికే ఉంటుంది. నా మొదటి క్రిప్ట్ కూడా అలాగే అయింది, పెట్టిన పదో రోజు ఆకులన్నీ గాజులా పారదర్శకమై, వేలు తగిలితే జారిపోయేవి, చచ్చిపోయిందనుకుని పీకబోయి, వేరు గట్టిగా పట్టుకుని ఉంటే ఎందుకో వదిలేశాను. మూడు వారాల తర్వాత ఒక సాయంత్రం లైట్ వెయ్యగానే ఇసుకలోంచి బియ్యపుగింజంత గోధుమరంగు మొన ఒకటి కనిపించింది, చుట్టుకుని ఉన్న ఆకు. ఆ మొక్క ఇవాళ్టికి పదకొండేళ్ళు, దాని పిల్లల్ని ఎంతమందికి ఇచ్చానో లెక్కలేదు. నీళ్ళు మారినా చోటు మారినా క్రిప్ట్ ఆకులు వదిలేసి వేరుతో మళ్ళీ మొదలెడుతుంది, దాని స్వభావం అది. అదీకాక షాపుల్లోకొచ్చే చాలా మొక్కల్ని నర్సరీలో నీళ్ళ బయట గాల్లో పెంచుతారు, ఆ ఆకులు నీళ్ళల్లో పనికిరావు, రాలిపోయి నీటి ఆకులు కొత్తగా రావాలి, కాబట్టి మొదటి నెల పాత ఆకుల కేసి చూడకు, కొత్త చిగురు కేసి చూడు, చిగురు బాగుంటే మొక్క బాగున్నట్టే.

ఎర్ర మొక్కలూ, కింద గడ్డిలా పరుచుకునేవీ ఇప్పుడు వద్దు, వాటికి నిజంగానే ఎక్కువ లైటూ సీఓటూ కావాలి. నీ నీళ్ళకి నేనైతే ఇవి పెడతా: వెనకాల వాలిస్నేరియా, అది గట్టి నీళ్ళని ఇష్టపడే మొక్క, పక్కకి తీగలు పాకి తనంతట తనే గోడ కట్టేస్తుంది. మూలల్లో హైగ్రోఫిలా పాలిస్పెర్మా, మన దేశపు మొక్కే, కాలవల్లో చెరువుల్లో పెరిగేది, దాన్ని చంపడం కష్టం. మధ్యలో క్రిప్ట్ వెండ్టీ, ఉన్న స్వోర్డ్ మొక్క. చెక్క మీద జావా ఫెర్న్, అనుబియాస్ దారంతో కట్టు, వాటి దుంప ఇసుకలో పూడ్చావా కుళ్ళిపోతుంది. మొదటి రోజే ఎక్కువ మొక్కలు పెట్టాలి, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా, రెండు మొక్కలు పెట్టి పెరిగాక చూద్దాం అంటే ఆ ఖాళీలో నాచు పెరుగుతుంది, ఇసుక నేల సగానికి పైగా కనపడకుండా నాటు.

అందం సంగతికొస్తే, ఈ పనికి ఒక కళగా పేరు తెచ్చింది జపాన్‌లోని నిగాటాకి చెందిన తకాషి అమానో, ఫొటోగ్రాఫర్, 2015లో పోయాడు, పోయే ముందు అదే ఏడు లిస్బన్ ఓషనేరియంలో 40 మీటర్ల పొడవున్న మొక్కల ట్యాంక్ కట్టించాడు. ఆయన పనుల్లోంచి మనింటికి పనికొచ్చేవి రెండు మూడున్నాయి. పెద్ద రాయి సరిగ్గా మధ్యలో పెట్టకు, ఎడమకో కుడికో మూడో వంతు దగ్గర పెట్టు. రాళ్ళు మూడో ఐదో, ఒకే రకం, ఒకే వైపు వాలి ఉండాలి, ఏట్లో నీటి ఒరవడికి ఒరిగినట్టు. ఇసుక ముందు తక్కువ, వెనక ఎక్కువ ఎత్తు వచ్చేలా వాలు పెడితే అడుగు వెడల్పు ట్యాంక్ కూడా లోతుగా కనిపిస్తుంది. ఒక చోట మాత్రం ఏమీ నాటకుండా ఖాళీగా వదులు, చేపలు అక్కడే తిరుగుతాయి, పాప ముక్కు గ్లాస్‌కి ఆనించి చూసేదీ అక్కడే.

ఎరువు: స్వోర్డ్ పాత ఆకులకి సూదిబెజ్జాల్లాంటి చిల్లులు పడి చుట్టూ పసుపు వస్తే సాధారణంగా పొటాష్ తక్కువైనట్టు, లేత ఆకు తెల్లబడితే ఐరన్ తక్కువైనట్టు. ఎరువుల షాపులో 13-0-45 అని నీళ్ళల్లో కరిగే ఎరువు దొరుకుతుంది, పొటాషియం నైట్రేట్, రైతులు పైరు మీద స్ప్రే చేసేది, కిలో కొంటే ఏళ్ళు వస్తుంది. నీ ట్యాంక్‌కి వారానికి ఒక గ్రాము, నీళ్ళు మార్చిన రోజు గ్లాసు నీళ్ళల్లో కరిగించి పొయ్యి, దాంతో లీటరుకి ఐదారు మిల్లీగ్రాముల నైట్రేట్ పెరుగుతుంది, చేపలకి ఇబ్బంది లేదు. యూరియా, డీఏపీ పొరపాటున కూడా దగ్గరికి రానీకు, అవి అమ్మోనియా ఎరువులు, ఒక్క చెంచాతో ట్యాంక్ మొత్తం పోతుంది. ఐరన్‌కి ఎర్రమట్టి చూసుకుంటుంది చాలాకాలం.

ఇప్పుడున్న నాచుకి మందు కొనకు. వెంట్రుకల నాచుని పాత టూత్‌బ్రష్‌కి చుట్టి మెలితిప్పి లాగెయ్, నల్ల గడ్డం పట్టిన ఆకుల్ని మొదలుకంటా కత్తిరించెయ్, అవి మళ్ళీ బాగుపడవు. చెక్క మీదో రాయి మీదో ఉంటే మెడికల్ షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ సిరంజితో, ఫిల్టర్ ఆపి, దాని మీదే నెమ్మదిగా వదులు, 10 లీటర్లకి ఒక మిల్లీలీటర్ మించకుండా, పావుగంట తర్వాత ఫిల్టర్ వెయ్. రెండు మూడు రోజులకి నలుపు గులాబీ రంగుకి తిరిగి ఊడిపోతుంది. వాలిస్నేరియా మీద మాత్రం వదలకు, అది తట్టుకోలేదు.

ఎండాకాలంలో నీళ్ళు 32 దాటితే నీటి పైన చిన్న టేబుల్ ఫ్యాన్ తిప్పు, రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. చేపలు తెల్లవారుజామున పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయంటే ఆక్సిజన్ లేదని, రాత్రిపూట మొక్కలు కూడా ఆక్సిజనే పీలుస్తాయి కదా, అప్పుడు రాత్రంతా గాలి రాయి (బుడగలు వదిలే ఎయిర్ స్టోన్) పెట్టు. కరెంటు గంటలకొద్దీ పోయే చోటైతే బ్యాటరీ ఎయిర్ పంప్ ఒకటి ఉంచుకో.

ఇక పాప చేపలు. టెస్ట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ వరసగా వారం రోజులు సున్నా చూపించేదాకా కొత్తవి వద్దు, అప్పుడు కూడా ముందు ఆ నాలుగు గప్పీల్నే తీసుకురా. తర్వాత ఆరు రోజీ బార్బ్‌లో, జీబ్రా డానియోలో పెట్టుకో, రెండూ మన దేశపు చేపలే, గట్టివి, ఇంతకంటే నీ నీళ్ళకి సరిపడేవి నాకు కనపడట్లేదు. నియాన్‌లు మెత్తటి నీళ్ళ చేపలు, పాప అడిగినా ఒక ఏడాది ఆగమను. పోయిన పద్దెనిమిదింటి పేర్లు దాని దగ్గరుంటే ఒక పుస్తకంలో రాయించి పెట్టు, పిల్లలకి అది ముఖ్యం.

సక్కర్ సంగతి మర్చిపోకు. ఇప్పుడు వేలంత ఉన్నా అడుగు దాటి పెరిగే చేప అది, మూడడుగుల ట్యాంక్‌లో ఉండలేదు, పెద్దయ్యాక మొక్కలు పీకేస్తుంది. షాపులో తిరిగిచ్చెయ్, లేదా పెద్ద ట్యాంక్ ఉన్నవాళ్ళకి ఇవ్వు, చెరువులోనో మూసీలోనో మాత్రం వదలొద్దు. అలా వదిలినవే మా వైపు చెరువుల్లో పెరిగి వలలు చింపుతున్నాయి, రైతులు దెయ్యం చేప అంటున్నారు. గుర్రపు డెక్క కూడా ఒకప్పుడు అందం కోసం తెచ్చిన మొక్కే, దక్షిణ అమెరికాది, కొల్లేరు వెళ్ళి చూస్తే తెలుస్తుంది ఇప్పుడెంతుందో. కత్తిరించిన మొక్క ముక్కలు కూడా కాలవలో పారెయ్యకుండా పూలకుండీలో వెయ్, మంచి ఎరువు.

రెండు నెలలయ్యాక నాకు ఒక ఫొటో పంపు. లైట్ వేసిన నాలుగు గంటల తర్వాత, హైగ్రోఫిలా కొన ఒకటి గోటితో తుంచి ఆ తుంచిన చోట దగ్గరగా తియ్యి, మొక్క బాగుంటే ఆ కాడలోంచి సూదిమొనంత బుడగలు వరసగా దారంలా పైకి పోతుంటాయి, ఆక్సిజన్. కెమెరా పాపకిచ్చి తియ్యమను.